ఉబ్బెత్తు పిస్టన్లు

"ఆదివారం కొండ పోటీలో బండి నేనే నడుపుతున్నాను. ఇక దీని మీద చర్చ లేదు," అంటూ తండ్రి పిస్టన్ల డబ్బాను కూతురి పనిబల్ల మీద ఠపీమని పెట్టాడు.

"ఇంకోసారి పడితే ఆ మోకాలు మిగలదన్నాడు డాక్టరు. విన్నారా, లేదా?" షెడ్డు గుమ్మంలోంచే అరిచింది తల్లి.

"కొండెక్కేది బండి. నా మోకాలు కాదు."

మెకానిక్ అయిన కూతురు డబ్బా విప్పింది. బండిలో ఉన్న పాత పిస్టన్ల తల చదును. వీటిది ఉబ్బెత్తు. ఇవి వేస్తే కంప్రెషన్ పెరిగి బండి దూకుతుంది. ఆమె కాసేపు వాటిని తిప్పి తిప్పి చూసింది.

"సరే నాన్నా, వేసేస్తాను."

తండ్రి ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు. తల్లి కూతురి మీద విరుచుకుపడింది.

"ఆయనకంటే మతిలేదు. నీకేమైందే?"

"మెల్లగా అమ్మా! ఇవి వేశాక కిక్ రాయిలా బిగుసుకుంటుంది. ఆ మోకాలితో కొట్టలేడు. పోటీలో ఎవరి బండి వాళ్లే స్టార్ట్ చేసుకోవాలి. మనం వద్దంటే వినడు, బండి వద్దంటే వింటాడు."

అనడమైతే అనేసింది గానీ, ఆ నాలుగు రోజులూ ఆమె షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. నాసిరకంగా బిగించడానికి చేతులు ఒప్పుకోవు. పిస్టన్ తల మీద బంకమట్టి అద్ది, ఇంజను చేత్తో తిప్పి, వాల్వులు తగులుతాయేమోనని అచ్చు చూసింది. చూసిందే మళ్లీ చూసింది. ఇంత మంచి ఇంజను ఆమె ఇంతవరకు కట్టలేదు. కట్టింది మాత్రం కన్నతండ్రిని ఓడించడానికి.

ఆదివారం రానే వచ్చింది. పోటీ మొదలయ్యే గీత దగ్గర బండ్లన్నీ గుర్రుమంటున్నాయి. తండ్రి కిక్ కొట్టాడు. రాడ్ సగంలోనే ఆగిపోయింది. మళ్లీ కొట్టాడు. ఈసారి ఎదురు తన్నింది. మూడోసారి పళ్లు బిగించి ఒంటి బరువంతా వేశాడు. ఇంజను ఒక్క తుమ్ము తుమ్మి ఊరుకుంది. మోకాలు పట్టుకుని మెల్లగా దిగాడు. తాడు అవతల నిలబడ్డ తల్లి హమ్మయ్య అనుకుంది. కూతురికి మాత్రం ఏడుపు ఆగలేదు.

"తప్పు నాదే నాన్నా. నువ్వు కొట్టలేవని తెలిసే బిగించాను."

తండ్రి ఆమెను ఎగాదిగా చూశాడు. హెల్మెట్ తీసి ఆమె తల మీద పెట్టాడు.

"మూడు కొట్టాను, నా ముచ్చట తీరింది. ఇప్పుడు నువ్వు కొట్టు."

ఏం చెయ్యాలో తోచక ఆమె బండెక్కి ఒక్క కిక్ కొట్టింది. ఇంజను గర్జించింది.

"ఇక పోనీ!" అన్నాడు తండ్రి.

"నేనెలా పోతాను? పేరిచ్చినవాళ్లే నడపాలి కదా!"

"ఇచ్చింది నీ పేరే. వారానికి నాలుగు బండ్లు ఈ కొండెక్కించి చూస్తావు, నీకిదొక లెక్కా?"

"ఏమండీ!" అని తల్లి వేసిన కేక ఆ హోరులో కలిసిపోయింది. జెండా లేచింది.

"నా పేరా? ఎప్పుడిచ్చావు నాన్నా?"

"ఈ పిస్టన్లు కొన్న రోజే."