తొమ్మిది అంతస్తులు

"మా తమ్ముడు కావాలనే దూకాడని మీకు గ్యారంటీగా తెలుసా?"

తలుపు తీయగానే ఆవిడ అడిగిన మొదటి మాట అది. చేతిలో వారపత్రిక నుంచి కత్తిరించిన కాగితం ఉంది.

తలుపు తీసింది అంతరార్థం గారు. ఆయన బీమా ఆఫీసులో ఫైళ్లు చూస్తారు, తీరిక దొరికితే పత్రికలో పాటల మీద వ్యాసాలు రాస్తారు. 'లిఫ్టు పనిచేయదు' అన్న బోర్డులో కూడా లోతైన భావం ఉందని అరగంట మాట్లాడగలరు కాబట్టి ఆఫీసువాళ్లు ఆ పేరు పెట్టారు. అది మెచ్చుకోలు అనే ఆయన ఇంకా అనుకుంటున్నారు.

ఆవిడ తమ్ముడు రాక్ బ్యాండులో పాడేవాడు. 'తొమ్మిది అంతస్తులు' అని ఆల్బమ్ చేశాడు. తొమ్మిది పాటలూ కలిపితే ఒకడి కథ. అది విడుదలైన వారానికి అక్కా తమ్ముడూ ఉండే ఇంటి మేడ మీంచి పడి చనిపోయాడు. జారాడో దూకాడో పోలీసులు తేల్చలేకపోయారు. అంతరార్థం గారు తేల్చేశారు. 'గుమ్మం' పాటలో ఇల్లు వదిలినవాడు ఒక్కో అంతస్తూ ఎక్కుతూ, మనుషుల్ని ఒక్కొక్కరినే వదిలించుకుంటూ, చివరికి 'అంచు' పాటలో పైకప్పు చివర నిలబడ్డాడనీ, ఈ ఆల్బమ్ అతని మరణ వాంగ్మూలమనీ రెండు పేజీలు రాశారు. చదివినవాళ్లంతా అవునన్నారు.

ఇప్పుడు అక్క వచ్చింది. కోర్టు, నోటీసు, ఆఫీసులో పై అధికారి మొహం, అన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి. తాను రాసింది అభిప్రాయం మాత్రమేనని గొణిగారు.

"అభిప్రాయం వద్దు. ఖాయమా, కాదా?"

ఖాయమే అన్నారు. ఇంకో మనిషి ఆ పాటలు వింటే వేరేలా అనుకునే వీలుందా అని అడిగింది. చెవులున్నవాళ్లెవరూ అనుకోరన్నారు. సగం సగం అనుమానం కూడా లేదా అంది. లేదన్నారు. ఆయన భార్య కాఫీ తెచ్చి పెట్టినా ఆవిడ ముట్టుకోలేదు.

"నేనింకా వినలేదండీ. పాట మొదలయ్యే ముందు వాడు ఊపిరి తీసుకుంటాడు. అక్కడే ఆపేస్తున్నాను. మీరు దగ్గరుండి వినిపించండి. ఏ మాట దగ్గర వాడు నిర్ణయించుకున్నాడో చూపించండి."

ఆయన భయం సగం తగ్గింది. వివరించమని ఆయన్ని అడిగిన మనిషి ఇంతవరకూ లేరు. 'ప్రతీక' అన్న మాట వినబడగానే భార్యకు స్టవ్వు మీద పాలు గుర్తొచ్చేవి. ఫోనుని స్పీకరుకి కలిపి, గొంతు సవరించుకుని, పాట పెట్టారు.

ఊపిరి వినిపించింది. ఆవిడ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఫోను తెర చూసి, కాగితం మీద వేలు పెట్టి, "మొదటిది 'గుమ్మం' అని రాశారు. ఇది 'కిటికీ' కదా," అంది.

గొప్ప ఆల్బమ్ లోపలికి ఎటు నుంచైనా వెళ్లొచ్చని ఆయన చెప్పారు. తర్వాతి పాట 'అంచు'.

"ఇది చివరిదన్నారు."

కళాకారుడి మనసు నిలకడగా లేదనడానికి ఇదే సాక్ష్యం అనబోతుంటే, వంటింటి గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ భార్య అందుకుంది. "ఆ మెలికల బాణం గుర్తు నొక్కి ఉంటే పాటలు కలగాపులగంగా వస్తాయండీ. మీ ఫోనులో అది ఎప్పుడూ నొక్కే ఉంటుంది."

"వ్యాసం రాసేముందు ఎన్నిసార్లు విన్నారు?" అక్క అడిగింది.

"ఒకసారి," అంది భార్య. "అదీ బస్సులో."

ఆయన గుర్తు తీసేశారు. ఈసారి పాటలు అతను పేర్చిన వరుసలో వచ్చాయి, 'అంచు' ముందు. పైకప్పు మీద నిలబడ్డవాడు కిందికి చూసి, వెనక్కి తిరిగాడు. అక్కణ్ణుంచి ఒక్కో పాటలో ఒక్కో అంతస్తు దిగాడు. ప్రతి అంతస్తులో ఒక తలుపు కొట్టాడు, తాను వదిలేసిన మనిషినొకరిని పలకరించాడు. వింటున్నంతసేపూ అంతరార్థం గారు ఏమీ వివరించలేదు, అది ఆ ఇంట్లో కొత్త. చివరికి 'గుమ్మం' వచ్చింది. దీపం వెలుగుతోంది, కంచం మీద మూత పెట్టి ఉంది, వాడు లోపలికి వెళ్లాడు.

వాయిద్యాలు ఆగాక, మైకు ఇంకా పనిచేస్తోందని తెలీక కాబోలు, చనిపోయినవాడు నవ్వాడు. "బాగా వచ్చింది కదరా. రేపు ఎన్నింటికి రమ్మంటారు?"

తర్వాత ఏమీ లేదు. స్పీకరు మీద చిన్న నీలం లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. అడిగినవాడు ఇంకా గదిలోనే నిలబడి ఉన్నాడనీ, ఎవరో ఒకరు టైము చెబితే తప్ప కదలడనీ అంతరార్థం గారికి అనిపించింది. భార్య వచ్చి ఆయన పక్కనే నిలబడింది.

ఆయన జీవితంలో మొదటిసారి తప్పు ఒప్పుకున్నారు. వచ్చే వారమే సవరణ వేయిస్తానన్నారు. పెద్ద అక్షరాల్లో, పైనే.

"చావాలనుకున్నవాడు ఇలా పాడడమ్మా. మీ తమ్ముడు బతకాలనుకున్నాడు. అది కాలు జారడమే. నేను రాస్తాను, మీరు ధైర్యంగా ఉండండి."

ఆవిడ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది.

"వద్దండీ. మీరు రాసిందే ఉండనివ్వండి."

"అదేంటమ్మా?"

"ఆ పొద్దున వాన మొదలైంది, మేడ మీద దుప్పట్లు తడిసిపోతాయి, పరిగెత్తరా అని వాణ్ణి పంపింది నేనే."