వేసవి కర్టెన్లు

“అయ్యో, అక్షరం తప్పు పడింది!” అంది కొత్త కోడలు నవ్వుతూ.

టైలరు తెచ్చిన రెండు మూటలూ ఆమె సోఫా మీద విప్పింది. చలికాలానికి మందపాటి ఎర్ర కర్టెన్లు. వాటి అంచున ఆమె పేరులోని ‘మ’. వేసవికి పల్చటి తెల్లవి. వాటి అంచున మాత్రం ‘ర’.

టైలరు ముఖం పాలిపోయింది. “తప్పు కాదమ్మా. చెప్పిన అక్షరమే కుట్టాను. ఈ మూట ఇప్పుడు తేకూడదు, పొరపాటున...”

“ఎండలు ముదిరాక తెమ్మన్నానా లేదా?” అంది అత్తగారు, కిటికీకున్న వానాకాలం పచ్చ కర్టెన్లు దించుతూ. కాలానికో రంగు మార్చందే ఆవిడకి తోచదు. “పేరు కుడితేనే ఇల్లు మనదనిపిస్తుంది” అంటుంది.

కోడలు పచ్చ కర్టెన్ అందుకుంది. దాని అంచున ‘ల’. ఇన్నాళ్లూ అదేదో తీగ డిజైననుకుంది.

“‘ల’ అంటే ఎవరత్తయ్యా?”

“వానాకాలంలో ఉండేదిలే.”

“ఇప్పుడెక్కడుంది?”

“దానికీ ఇలాగే ప్రశ్నలెక్కువ.”

అత్తగారు ఎర్ర కర్టెన్ కడ్డీకి ఎక్కించి, ముడతలు సవరించి మురిసిపోయింది. “నీ ఒంటి రంగుకి ఎంత నప్పిందో! అబ్బాయి చూస్తే వదలడు. ఉండండి, టీ పెడతాను.”

ఆవిడ వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, టైలరు తెల్ల మూట చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర గొంతు తగ్గించాడు.

“ఈ ఏడు ఎండలు ముందే వస్తాయంటున్నారమ్మా.”