సుత్తి దెబ్బ ఏ ముక్క మీద?

ఏమోయ్, ఎవరికి టోపీ పెడదామా అని తిరుగుతున్నావా? ఇలా కూర్చో. నీకు గురువు కాదగ్గ ఒక మావయ్య సంగతి చెబుతా.

ఆ మావయ్య, నర్సు చదివిన మేనకోడల్ని ఇటాలియన్ నోటి పరీక్షకు తీసుకెళ్ళాడు. పాసైతే ఇటలీ ఆస్పత్రిలో ఉద్యోగం.

పిల్లకి అన్నీ వచ్చు. పరీక్ష పెట్టేవాళ్ళ ఎదుట కూర్చుంటే మాత్రం నోరు పెగలదు. రెండుసార్లు అలాగే పోయింది. ఇదే ఆఖరిసారి.

పరీక్ష గది ముందు వరండాలో ఒక పెద్దాయన చొక్కా చేతులు మడిచి, కాలు వదులైన కుర్చీకి మేకు కొడుతున్నాడు.

మావయ్య నాలుక దురద పెట్టింది.

"ఏం మేస్త్రీ, నేనెవర్నో తెలుసా? ఇటాలియన్ ప్రొఫెసర్ని!"

"అబ్బో! అయితే నాకూ ఒక మాట నేర్పండి సార్."

మావయ్య మేనకోడలి నోట్సులోకి తొంగిచూశాడు.

"పార్లనో. వాళ్ళు మాట్లాడతారు అని. మూడు ముక్కలు. పార్, ల, నో. నడిమి ముక్క నొక్కి పలకాలి. కొట్టు దాని మీద!"

టిక్, ఠాక్, టిక్. పెద్దాయన మేకు మీద అలాగే కొట్టాడు.

పిల్ల ఆగలేకపోయింది.

"అయ్యో, కాదు తాతగారూ! గట్టి దెబ్బ మొదటి ముక్క మీద. మావయ్యా, నువ్వు ఊరుకో!"

"మరి, మనం మాట్లాడతాం అనాలంటే తల్లీ?"

"పర్‌ల్యామో. దెబ్బ నడిమికి జరుగుతుంది."

"వాళ్ళు ఫోన్ చేస్తారు అంటే?"

"తెలేఫొననో. అయిదు ముక్కలు, రెండోది గట్టిగా." సుత్తి తనే లాక్కుని కొట్టి చూపించింది.

"వాళ్ళకి అర్థమవుతుంది అంటే?"

"నే చెబుతా! కపిస్, కొనో," అన్నాడు మావయ్య.

"నీ మొహం! క, పీ, స్కొ, నో. స్కొ విడగొట్టకూడదు," అని పిల్ల పగలబడి నవ్వింది.

పెద్దాయన సుత్తి తీసుకుని లోపలికెళ్ళాడు.

గంట గడిచింది. పరీక్షకొచ్చిన వాళ్ళందరూ వెళ్ళిపోయారు. గుమాస్తా తలుపుకి తాళం వేస్తున్నాడు.

పిల్ల మొహం పాలిపోయింది.

"ఆగవయ్యా! మా పిల్లని పిలవనే లేదు!" అని మావయ్య అడ్డం పడ్డాడు.

"ఆవిడ పరీక్ష అయిపోయిందిగా. పాస్."

పిల్ల అమ్మయ్య అంటూ గోడకి చేరగిలబడింది. కళ్ళలో నీళ్ళు, మూతి మీద నవ్వు.

"ఎవరయ్యా పెట్టింది? ఆ మహానుభావుడికి దండం పెట్టాలి!" అన్నాడు మావయ్య.

"ఆయన వెళ్ళిపోయారు. ఈ అమ్మాయి గదిలోకొస్తే బెదిరిపోతుందని పాత పరీక్షల కాగితాల్లో చూసి, తనే సుత్తి పట్టుకుని బయటికొచ్చారు... ప్రొఫెసర్‌గారు మాత్రం మొదటి పాఠం నుంచి చదువుకోవాలట!"