రెండో టిక్కు

విన్నిపెగ్‌లో మా గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంటుంది. వచ్చినవాళ్ల తలకు తీగల టోపీ తొడిగి, చెవుల్లో జంటగా టిక్కులు వినిపించి, మెదడు అలలు గీయిస్తాం. మామూలు మెదడు రెండో టిక్కును పెద్దగా పట్టించుకోదు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ ఉన్న చాలామందిలో మాత్రం రెండో అల కూడా మొదటిదంత ఎత్తు లేస్తుంది.

ఆరోగ్యవంతుల జాబితాలో ఒకరు తగ్గితే పంతొమ్మిదో నంబరుగా నేనే టోపీ పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బుందా అన్న గడిలో లేదని రాశాను. మా అక్క మేవిస్ ఇదే ఆసుపత్రి నాలుగో అంతస్తులో, మానసిక వార్డులో ఉంది.

ఆ రాత్రి నాతో పనిచేసే లోర్నా తెర మీద గీతలు చూస్తూ ఆగింది. మా దగ్గర పేర్లుండవు, నంబర్లే.

"వెస్, ఈ పంతొమ్మిదో నంబరు ఎవరయ్యా? ఆరోగ్యవంతుల్లో ఉన్నాడు గానీ, గీత చూస్తే పైఅంతస్తు వాళ్లదిలా ఉంది."

"ఎవరో పేషెంటుది కలిసిపోయుంటుంది. తీసి అటు పడెయ్."

"పాపం, ఇంట్లోవాళ్లకైనా తెలుసో లేదో," అంటూ కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

నాకు తల కొట్టేసినట్టయింది. దీపాలార్పేశాను. గాజు గోడ అవతల, పరీక్ష గదిలో ఖాళీ కుర్చీ దగ్గర టిక్, టిక్ అంటోంది. ఆపడం మరిచామనుకుని లోపలికెళ్లి ఇయర్‌ఫోన్ల తీగ పీకేశాను.

తీగ నా చేతిలోనే ఉంది. టిక్, టిక్. రెండోది మొదటిదంత గట్టిగానే.

చిన్నప్పుడు ఒక రాత్రి వంటింట్లో మేవిస్ చెవులు మూసుకుని అడిగింది: "ఒరేయ్ వెస్, నీకూ వినిపిస్తోంది కదూ?"

ఆ రోజూ లేదనే చెప్పాను.