ఏ కోర్సైనా సరే

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరి విదేశీ చదువుల కన్సల్టెన్సీలో అశోక్‌కుమార్ తన లాప్‌టాప్‌ను ఉమారాణి వైపు తిప్పాడు. ఆమె ఒక దవాఖాన ల్యాబులో పనిచేస్తుంది.

"పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌ల సీటొచ్చింది అక్కా. బ్రిటన్ల మీరడిగిన ఊరే."

"పాపను తీస్కపోవచ్చా తమ్మీ?"

"మాస్టర్స్‌కు పోయేటోళ్లు ఇప్పుడు పిల్లల్ని తీస్కపోనీకి లేదు. రూల్ మారింది."

"మరి దేనికైతే తీస్కపోనిస్తరు?"

"పీహెచ్‌డీకి. మీరు మెయిల్ రాసిన ప్రొఫెసర్ వద్దన్నడు గదా."

ఉమారాణి అదే ఊళ్లో వేరే కోర్సులు చూపించమంది. నర్సింగైనా, డేటా సైన్సైనా, ఏదైనా చదువుతానంది. అశోక్ ఓపిగ్గా ఒక్కొక్కటే తెరిచాడు. అన్నీ మాస్టర్సే.

"ఒక్క ఏడాదే గదక్కా. పాపను అమ్మమ్మ దగ్గర ఉంచి పోండ్రి. శానమంది గట్లనే పోతున్నరు."

"వద్దు తమ్మీ. వస్తలేనని రాసెయ్."

అతనికి విసుగొచ్చింది. కిటికీలోంచి బస్సుల్ని చూస్తున్న ఐదేళ్ల పాపతో, "ఏం బిడ్డా, అమ్మను సదువుకోనియ్యవా?" అన్నాడు. పాప తిరగలేదు. గొంతు పెంచి మళ్లీ అడిగాడు.

ఉమారాణి లేచి వెళ్లి భుజం తడితే అప్పుడు తిరిగింది పాప, నవ్వుకుంటూ.

"దానికి ఇనబడదు తమ్మీ. ఈడ ఏ బడోళ్లూ తీస్కుంటలేరు. ఆ ఊళ్లె ఇసొంటి పిల్లలకు మంచి బడి ఉందట. దాన్ని అండ్ల ఎయ్యాలనే నేను ఇన్ని కోర్సులు ఎతికిన. నాకు సదువెందుకు?"