అమావాస్య ఇసుక

“పెండ్లి కావలసిన పిల్లవి. అమావాస్య అమావాస్యకీ సముద్రం కాడ నీకేం పని?” అన్నాడు ఆదికేశవులు.

ఆయన కూతురు కాంచన మద్రాసు కాలేజీలో పరిశోధనకు చేరి నెల కాలేదు.

“అమావాస్యకు నీళ్ళు బాగా వెనక్కి పోతాయి నాయనా. ఆ తడి ఇసుకలో కంటికి కనబడని పురుగులుంటాయి. ఏ నెలలో ఎన్ని ఉండాయో చూడాల. రెండేళ్ళు చూస్తేనే పట్టా.”

ఆయన నమ్మలేదు. కనబడని పురుగుల కోసం వెంగల్ నుంచి మూడు బస్సులు మారి పళవేర్కాడు సముద్రం ఒడ్డుకు పోయే ఆడపిల్లను ఆయన ఎక్కడా చూడలేదు.

“వజ్రా, నువ్వు దీని వెంట పో. ఏమన్నా తేడా కనబడిందా, చదువు మాన్పించి అత్తిమంజేరిపేట బావకు ఇచ్చేస్తా.”

వజ్రమ్మ ఆయన చెల్లెలు. పదహారేళ్ళ కిందట భర్త పోతే అన్న ఇల్లు చేరింది. కాపలాకు అంతకన్నా నమ్మకమైన మనిషి దొరకదు.

“నాకు బస్సు పడదన్నా,” అని సణుగుతూనే బయలుదేరింది.

ఐప్పసి నెలలో తుఫాను వానలు పట్టుకున్నాయి. ఈ నెలకు వద్దులే అని కాంచనే అంది. వజ్రమ్మ అప్పటికే గొడుగుతో వాకిట్లో ఉంది.

“ఇసుకే కొట్టుకుపోతుంటే పురుగులు యాడుంటాయి?” అన్నాడు ఆదికేశవులు.

“లేవని రాసేదానికైనా పోయి చూడాల గదన్నా.”

ఏడాది తిరిగింది. ఆదికేశవులు చెల్లెల్ని కూర్చోబెట్టి అడిగాడు. తలుపు చాటున కాంచన చెవి ఒగ్గింది.

“పురుగులు నిజంగా ఉండాయా?”

“మైక్రోస్కోపులో నేనే చూసినా. వానలప్పుడు ఒకటీ అరా. పంగుని నెల ఎండలకు చూడాల, తిరుత్తణి ఆడికృత్తిక తిరణాలకు జనం దిగినట్టే.”

“మొగోళ్ళెవురన్నా వస్తారా ఆడికి?”

“అవతలి గట్టుకు పడవ దాటించే పొన్నుస్వామి ఒకడే. నలభై దాటినాయి. కాంచనను పాపా అంటాడు. దాని పక్క కన్నెత్తి చూడడు. నాదీ పూచీ.”

ఆయన మనసు కుదుటపడింది. “ఇంకో ఏడే గదా, చదువుకోనీ. నువ్వు మాత్రం వెంట పోకుండా ఉండొద్దు.”

“ఎట్ల ఉంటానన్నా,” అంది వజ్రమ్మ.

పై అమావాస్యకు ఇసుక తీయడం అయిపోయాక, రిజిస్ట్రారు ఆఫీసులో పొన్నుస్వామి పెండ్లికి కాంచన సాక్షి సంతకం చేసింది, వజ్రమ్మ పెండ్లికూతురి సంతకం చేసింది.