పదోనాటి గాజులు

జమ్మలమడుగులో తిరుపాల్ పోయిన పదోనాడు, అతని అక్క పెంచలమ్మ కుంకుమ, పచ్చగాజులు పట్టుకుని తమ్ముడి భార్య సుమతి ముందు కూర్చుంది. బొట్టు తుడిచి గాజులు పగలగొట్టే పని విధవలదే. పెంచలమ్మ ఎప్పుడో విధవైంది.

సుమతి నుదుట బొట్టు లేదు. చేతులకు గాజుల్లేవు.

"బాప్తిస్మం నాడే అన్నీ తీసేసినా గదా వదినా."

"అది దేవునికి. ఇప్పుడు మొగునికి తీయల్ల. ముందు పెట్టుకో, తర్వాత తీస్తా."

"బొట్టు లేదని ఇన్నేండ్లూ తిడితివి. ఇప్పుడు తుడిచేదానికి పెడతాండావా?"

పెంచలమ్మ కుంకుమ పక్కన పెట్టింది.

"మీ చర్చిలో మొగుడు పోయినోళ్లు యాడ కూచుంటారు?"

"అందరితోనే."

"గాజులు?"

"ఎవురికీ ఉండవు."

"మరి మొగుడు పోయినోళ్లెవురో తెలిసేదెట్లా?"

"తెలీదు వదినా."

పెంచలమ్మ పచ్చగాజులు ఒక్కొక్కటే తన చేతికి ఎక్కించుకుంది.

"కొత్తవి. పగలగొడితే దండగ," అంది.